మీథేన్ తినే మట్టి బ్యాక్టీరియా మీద ఎండ, వాన, ఎరువు ఏం చేస్తాయి? కొండపల్లి అడవిలో కొలిచి చూసే పద్ధతి

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మీథేన్ అనగానే అందరి చూపూ డెల్టా వరిపొలాల మీదకే పోతుంది. నీళ్లు నిలబడిన మడిలో మీథేన్ పుడుతుంది, నిజమే. కానీ గాల్లో ఉన్న మీథేన్‌ని తిని బతికే బ్యాక్టీరియా కూడా మనకి దగ్గర్లోనే, ఇబ్రహీంపట్నం దాటాక కనిపించే కొండపల్లి కొండల మీద ఆకురాల్చే అడవిలో, ఎర్రమట్టి కింద జానెడు లోతులోపే ఉంది. దాని పని ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు ఆగిపోతుంది అన్నది కొలవడం ఒక విద్యార్థి బృందం ఏడాదిలో చేయగలిగిన పనే. ఎలా చేయాలో మొదటి నుంచీ చెబుతాను.

గాల్లో మీథేన్ పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 0.7 పీపీఎం (పది లక్షల వంతుల్లో 0.7 వంతు) ఉండేది, ఇప్పుడు 1.9 దాటింది. వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి పెంచే వాయువు ఇది. గాల్లోంచి దీన్ని తొలగించే పని ఎక్కువ భాగం పైన వాతావరణంలోనే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన కణాల వల్ల జరుగుతుంది. నేల మీద జీవులు చేసే తొలగింపు మాత్రం దాదాపు మొత్తం మట్టిలోనే, ఏడాదికి సుమారు 3 కోట్ల టన్నులు. మొత్తంలో అది ఐదు శాతం చుట్టూనే ఉంటుంది, అయినా ఆ పని నేల పాడైతే తగ్గిపోతుంది, నేల బాగుంటే నిలబడుతుంది, అంటే మన చేతిలో కొంత ఉన్న భాగం అదే.

ముందు ఈ జీవుల సంగతి

మీథేన్ తినే బ్యాక్టీరియాని మీథనోట్రోఫ్‌లు అంటారు. 1906లో స్యోన్‌గెన్ అనే డచ్ శాస్త్రవేత్త మొదటిసారి వీటిని వేరుచేశాడు. మన దగ్గర పుణెలోని అఘార్కర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు భారతీయ వరిపొలాల నుంచి కొత్త మీథనోట్రోఫ్‌లని వేరుచేసి పేర్లు పెట్టారు. మీథేన్ మోనోఆక్సిజనేజ్ అనే ఎంజైముతో ఇవి మీథేన్‌ని మిథనాల్‌గా, తర్వాత ఫార్మాల్డిహైడ్, ఫార్మేట్‌గా మార్చి చివరికి కార్బన్ డయాక్సైడ్‌గా వదులుతాయి, దారిలో కొంత కార్బన్‌ని తమ ఒంట్లోకి తీసుకుంటాయి. ఈ ఎంజైముకి ఆక్సిజన్ తప్పనిసరి, ఎక్కువగా కనిపించే రకానికి రాగి కూడా కావాలి.

ఇక్కడ ఒక తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి. వరిమడిలో ఉండేవి ఎక్కువ మీథేన్‌కి అలవాటుపడ్డ జాతులు. అడవి మట్టిలో ఉండేవి గాల్లో ఉండే ఆ రెండు పీపీఎం లోపు మీథేన్‌తోనే నెట్టుకొచ్చే రకాలు, వీటిలో చాలావాటిని ల్యాబ్‌లో పెంచడం ఇప్పటికీ కష్టమే. యూఎస్‌సీ (అప్‌ల్యాండ్ సాయిల్ క్లస్టర్, అంటే మెట్ట నేలల గుంపు) ఆల్ఫా, యూఎస్‌సీ గామా అని వీటికి గుంపుల పేర్లున్నాయి. గాల్లోని మీథేన్‌తోనే పెరిగే ఒక జాతిని శుద్ధంగా పెంచి చూపించింది 2019లో, మిథైలోక్యాప్సా గోర్గోనా అని. కాబట్టి మట్టి తెచ్చి సీసాలో పది శాతం మీథేన్ పట్టించి పెంచితే పెరిగేవి వేరే జీవులు, అడవిలో పని చేస్తున్నవి కావు. పైగా గాలిలో ఐదు నుంచి పదిహేను శాతం మీథేన్ ఉంటే నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఆ ప్రయోగం జోలికి పోవద్దు.

అడుగు 1: ప్రశ్న ఒక్కటే పెట్టుకోండి

ఎండ, తేమ, ఎరువు, మంట, మట్టి రకం అన్నీ ఒకేసారి కొలుద్దామనుకుంటే ఏదీ తేలదు. నా సలహా తేమతో మొదలుపెట్టమని. ఎందుకంటే పొడి అడవిలో మిగతావన్నీ తేమ ద్వారానే పనిచేస్తాయి.

మీథేన్ నీళ్లలో కదిలే వేగం గాల్లో కదిలే వేగంలో సుమారు పదివేల వంతు. మట్టి రేణువుల మధ్య సందులు నీళ్లతో నిండిపోతే పైనున్న మీథేన్ కిందున్న బ్యాక్టీరియాని చేరదు, బ్యాక్టీరియా ఆకలితో ఉండిపోతుంది. ఇంకా ఎక్కువ నిండితే లోపల ఆక్సిజన్ అయిపోయి మీథేన్ పుట్టించే జీవులు లేస్తాయి, అప్పుడు మట్టి తినడం మానేసి వదలడం మొదలుపెడుతుంది. అలాగని మట్టి మరీ ఎండిపోతే గాలి బాగానే ఆడుతుంది కానీ బ్యాక్టీరియాకి తన ఒంట్లో నీళ్లే ఉండవు. అందుకే గ్రాఫ్ గీస్తే గుట్టలా వస్తుంది, మధ్యలో ఎక్కడో శిఖరం, రెండు పక్కలా దిగుడు. చాలా అడవి మట్టుల్లో ఆ శిఖరం సందుల్లో 20 నుంచి 40 శాతం నీళ్లు ఉన్నప్పుడు కనిపిస్తుంది. మన కొండపల్లి మట్టికి అది ఎక్కడుందో కనుక్కోవడమే మంచి ప్రాజెక్టు.

బనారస్ హిందూ యూనివర్సిటీలో జె.ఎస్. సింగ్ బృందం 1990ల్లో వింధ్య ప్రాంతపు పొడి అడవుల్లో ఇలాంటి కొలతలే చేసింది. వానాకాలంలో మట్టి మీథేన్‌ని పీల్చుకోవడం తగ్గి, పొడి కాలంలో పెరిగినట్టు వాళ్లు చూపించారు. వానపడితే మట్టిలో ప్రాణులన్నీ చురుగ్గా అవుతాయనే మన మామూలు అంచనాకి ఇది ఎదురు, అందుకే సొంతంగా కొలిచి చూడాల్సిన విషయం. మనకి నైరుతి వాన జూన్ నుంచి, ఆ వెనకే అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య వాన, తుపానులు కూడా వస్తాయి. తడి కాలం వింధ్యలో కంటే పొడుగ్గా, రెండు మూపులుగా ఉంటుంది కాబట్టి వాళ్ల ఫలితం ఇక్కడ అచ్చంగా అలాగే రావాలని ఏమీ లేదు.

అడుగు 2: చోటు, అనుమతి

రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా అడుగుపెట్టి మట్టి తవ్వకూడదు. కాలేజీ లెటర్‌హెడ్ మీద, ఎన్ని చోట్ల ఎంత మట్టి తీస్తారో, ఏ నెలల్లో వస్తారో రాసి జిల్లా అటవీ అధికారికి ఇవ్వండి. ఇది ముందే మొదలుపెట్టండి, మే నెలలో కొలవాలంటే సంక్రాంతికే కాగితం కదలాలి. గుంటూరు వైపు వాళ్లకి కొండవీడు కొండలు దగ్గర.

చోటు చూసేటప్పుడు వాలు, చెట్ల రకం, మట్టి మూడూ రాసుకోండి. తునికి, మోదుగ, బిల్లుడు, కలే పొదలు ఉన్న వాలులో గులకరాళ్లు కలిసిన ఎర్రమట్టి ఉంటుంది, నీరు త్వరగా దిగిపోతుంది. కొండ అడుగున నల్లరేగడి కలిస్తే అది వేరే లోకం, వానకి ఉబ్బి సందులు మూసుకుంటుంది, వేసవిలో నెర్రెలు విచ్చి గాలి లోతుకి పోతుంది. చాంబర్ (మట్టి మీద మూసి గాలి తీసే పెట్టె) ఒక నెర్రె మీద పెడితే ఒక లెక్క, పక్కన పెడితే ఇంకో లెక్క. మొదటి ప్రాజెక్టుకి ఎర్రమట్టి వాలు ఒక్కటే తీసుకోండి, రేగడి తర్వాత.

చెదపుట్టలకి దూరంగా ఉండండి. చెదలు కడుపులో మీథేన్ పుట్టిస్తాయి. ఆ పుట్ట గోడల్లోనూ, కింద మట్టిలోనూ మీథనోట్రోఫ్‌లు ఉండి సగటున అందులో సగం దాకా బయటికి రాకముందే తినేస్తాయని ఆస్ట్రేలియా పుట్టల మీద 2018లో వచ్చిన పరిశోధన చెప్పింది. అద్భుతమైన విషయం, విడిగా ఒక ప్రాజెక్టుకి సరిపోతుంది. మీ లెక్కలో మాత్రం అది కలవకూడదు. జాతీయ రహదారి 65 పక్కన కూడా వద్దు, వాహనాల పొగలోని నైట్రోజన్ మట్టిలో దిగుతుంది, దాని సంగతి కింద చెబుతాను.

కనీసం ఆరు కాలర్లు, అంటే చాంబర్ కూర్చోవడానికి మట్టిలో దించే రింగులు, వేసేలా చూసుకోండి. పక్కపక్క మీటరు దూరంలోనే రెండింతల తేడా రావడం మట్టిలో మామూలే.

అడుగు 3: చాంబర్ తయారీ

పెద్ద విశ్లేషణ యంత్రం లేకపోయినా పెట్టె మూసి గాలి తీసే పద్ధతి ఉంది, ప్రపంచమంతా వాడేది ఇదే. ప్లంబింగ్ షాపులో దొరికే 30 సెంటీమీటర్ల వెడల్పు పీవీసీ పైపుని ముక్కలు కోయించండి. కాలర్ అంటే మట్టిలో దిగి ఉండే రింగు, 10 సెంటీమీటర్ల ఎత్తుండాలి, అందులో ఐదారు మట్టిలోకి. పైన పెట్టే మూత చాంబర్ 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తుండాలి. ఎత్తు పెంచితే లోపల గాలి ఎక్కువై, తినేసిన మీథేన్ ఆనవాలు ఆ గాల్లో కలిసిపోయి మీ యంత్రానికి కనపడదు. తక్కువ ఎత్తే మంచిది.

మూతకి సిరంజి గుచ్చే రబ్బరు సెప్టా ఒకటి, లోపల గాలి కలపడానికి చిన్న బ్యాటరీ ఫ్యాన్, ఒత్తిడి సమంగా ఉండటానికి సన్నటి పొడవాటి గొట్టం పెట్టండి. పైన అల్యూమినియం ఫాయిల్ చుట్టాలి, లేకపోతే మే నెల ఎండకి పది నిమిషాల్లో లోపల వేడి దూసుకుపోతుంది. పీవీసీ జిగురు, సిలికోన్ నుంచి ఆవిర్లు వస్తుంటాయి కాబట్టి కట్టాక కొన్ని రోజులు ఆరుబయట ఉంచి, ఆ తర్వాత ఒక స్టీలు పళ్లెం మీద బోర్లించి ఖాళీగా పరీక్షించండి. మట్టి లేకుండా కూడా మీథేన్ మారుతుంటే ఎక్కడో లీకో, ఆవిరో ఉన్నట్టు.

కాలర్‌ని శాంప్లింగ్‌కి కనీసం వారం ముందు దించండి. దించేటప్పుడు వేర్లు తెగి, మట్టి కదిలి మొదటి రోజుల్లో వచ్చే లెక్కలు తప్పుగా ఉంటాయి.

ఆన్‌లైన్‌లో ఎంక్యూ-4 అనే చౌక మీథేన్ సెన్సర్ దొరుకుతుంది, చాలామంది ఆర్డర్ పెట్టేస్తారు. అది వందల పీపీఎం నుంచి వేల పీపీఎం వరకు చూసేది, గ్యాస్ లీక్ పసిగట్టడానికి. రెండు పీపీఎంలో పదోవంతు తేడా అది చూడలేదు. ఆ డబ్బు గాలి శాంపిల్స్ దాచే చిన్న గాజు సీసాలకి, అంటే వయల్స్‌కి పెట్టండి.

అడుగు 4: శాంపిల్ తీయడం

పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య, ప్రతిసారీ అదే సమయంలో. మూత పెట్టిన క్షణంలో, పదో నిమిషంలో, ఇరవైలో, ముప్పైలో సిరంజితో గాలి తీసి, ముందే గాలి లాగేసిన 12 మిల్లీలీటర్ల వయల్‌లోకి కొంచెం ఎక్కువ ఒత్తిడితో ఎక్కించండి, అంటే 20 మిల్లీలీటర్లు దానిలోకి నెట్టాలి. అలా నింపితే దారిలో లీకైనా బయటి గాలి లోపలికి రాదు. ప్రతి చాంబర్ పక్కన బయటి గాలి శాంపిల్ ఒకటి తీసుకోండి.

కాలర్ చుట్టూ తొక్కకండి, మట్టి అణిగితే సందులు మూసుకుపోతాయి. బూట్లు, పొడవు ప్యాంటు తప్పనిసరి, ఆకుల కింద తేళ్లు, పాములు ఉంటాయి. రోహిణి కార్తెలో పదకొండు దాటాక కొండ మీద ఉండొద్దు, ఇది ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

విశ్లేషణకి ఎఫ్ఐడీ (మంటలో కాల్చి మీథేన్‌ని పసిగట్టే డిటెక్టర్) ఉన్న గ్యాస్ క్రోమటోగ్రాఫ్, అంటే వాయువుల్ని విడదీసి కొలిచే యంత్రం కావాలి. మీ డిపార్ట్‌మెంట్లో లేకపోతే దగ్గర్లోని యూనివర్సిటీని అడగండి. శాంపిల్స్ పెట్టేముందు రెండు పీపీఎం ప్రమాణ వాయువుని పదిసార్లు ఎక్కించి చూడండి. ఆ పదింటి మధ్య తేడా ఒకటి రెండు శాతం దాటుతుంటే ఆ యంత్రం మీ ప్రశ్నకి జవాబు చెప్పలేదు, ముందు దాన్ని బాగుచేయించాలి.

అడుగు 5: లెక్క

ఒక ఊహాత్మక ఉదాహరణ. ముప్పై నిమిషాల్లో మీథేన్ 1.95 నుంచి 1.75 పీపీఎంకి పడిందనుకుందాం, అంటే గంటకి 0.4 పీపీఎం. చాంబర్ ఎత్తు 0.2 మీటర్లు, లోపల 30 డిగ్రీలు. ఆ వేడికి ఒక మోల్ వాయువు పట్టే చోటు 0.0249 ఘనపు మీటర్లు. 0.4ని 0.2తో గుణించి 0.0249తో భాగిస్తే చదరపు మీటరుకి గంటకి సుమారు 3.2 మైక్రోమోల్స్, దాన్ని మీథేన్ అణుభారం 16తో గుణిస్తే 51 మైక్రోగ్రాముల మీథేన్. అడవి మట్టికి ఇది నమ్మదగ్గ స్థాయి. నాలుగు బిందువులూ సరళరేఖ మీద పడకపోతే, ముఖ్యంగా మొదటి పది నిమిషాల్లోనే బాగా పడి తర్వాత నెమ్మదిస్తుంటే, మొదటి వాలునే తీసుకోండి. తినే వేగం గాల్లో మిగిలిన మీథేన్‌ని బట్టి ఉంటుంది కాబట్టి వాలు తగ్గడం సహజం.

అడుగు 6: అదే రోజు మట్టి కొలతలు

చాలా ప్రాజెక్టులు దెబ్బతినేది ఇక్కడే. తేమ అంటే తూకం శాతం ఒక్కటి రాసి ఊరుకుంటారు, దానితో రెండు మట్టుల్ని పోల్చలేం. సందుల్లో ఎంత భాగం నీళ్లతో నిండిందో కావాలి.

వంద మిల్లీలీటర్ల ఉక్కు రింగు మట్టిలోకి దించి తీయండి. తడి తూకం 152 గ్రాములు, 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఆరాక 140 అనుకుందాం. నీళ్లు 12 మిల్లీలీటర్లు, బల్క్ డెన్సిటీ, అంటే ఒక మిల్లీలీటరు చోటులో ఉండే పొడి మట్టి బరువు, 1.40. రాతి పదార్థం సాంద్రత 2.65 కాబట్టి 1.40ని దానితో భాగించి ఒకటిలోంచి తీసేస్తే సందులు 0.47. నీళ్ల భాగం 0.12ని 0.47తో భాగిస్తే 25 శాతం. ఇదే మీ ఎక్స్ అక్షం. కొండపల్లి మట్టిలో గులకరాళ్లు ఉంటాయి, వాటిని జల్లించి తూచి, 2.65తో భాగించి ఆ ఘనపరిమాణాన్నీ, వాటి బరువునీ లెక్కలోంచి తీసేయకపోతే అంకె తప్పుతుంది.

దీంతోపాటు 5, 10 సెంటీమీటర్ల లోతులో ఉష్ణోగ్రత, పీహెచ్, అమ్మోనియం, నైట్రేట్. పైపొర నుంచి ఒకటి, 5 నుంచి 15 సెంటీమీటర్ల లోతు నుంచి ఒకటి విడిగా తీయండి, మీథేన్ తినే పని ఎక్కువగా జరిగేది ఈ రెండో పొరలోనే.

ఉష్ణోగ్రత గురించి ఒక మాట. మనకి ఎండ అంటే పెద్ద విషయం కాబట్టి దాని ప్రభావం కూడా పెద్దదే అనుకుంటాం. కానీ మీథేన్ అందే వేగమే అడ్డంకిగా ఉన్నప్పుడు వేడి పెద్దగా మార్చదు, 25 నుంచి 40 డిగ్రీలకి పెరిగినా గాల్లో వాయువు కదిలే వేగం తొమ్మిది శాతం చుట్టూనే పెరుగుతుంది. మే నెలలో పైన మట్టి 50 డిగ్రీలు దాటినా పది సెంటీమీటర్ల కింద అంత ఉండదు. ఎండ చేసే అసలు నష్టం మట్టిని ఆరబెట్టడం, అంటే మళ్లీ తేమ దగ్గరికే వచ్చాం.

అడుగు 7: తొలకరి రోజులు వదలకండి

నెలకి రెండుసార్లు చొప్పున ఏడాదంతా కొలవడం ఒక ఎత్తు, మొదటి వానలప్పుడు దగ్గర దగ్గరగా కొలవడం ఒక ఎత్తు. వాన పడటానికి ముందు రోజు, పడ్డ మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత. ఎందుకంత పట్టుదల అంటే, ఎండాకాలమంతా మట్టిలో చచ్చిన సూక్ష్మజీవులు, రాలిన ఆకు పోగుపడి ఉంటాయి, తొలి తడికి అవి ఒక్కసారిగా కుళ్లి అమ్మోనియం పొంగుతుంది. 1950ల నుంచే బిర్చ్ ప్రభావం అని దీనికి పేరు. మీథేన్‌ని పట్టే ఎంజైము అమ్మోనియాని కూడా పట్టేస్తుంది, ఆకారంలో అవి దగ్గరివి. అమ్మోనియం ఎక్కువైతే ఎంజైము దానితోనే తీరిక లేకుండా ఉండిపోతుంది, పైగా పుట్టే నైట్రైట్ విషంలా పనిచేస్తుంది. అదే సమయంలో ఎండిన బ్యాక్టీరియాకి నీళ్లు దొరికాయి. మేలూ కీడూ ఒకే రోజు వస్తాయి, ఏది గెలిచిందో మీ కొలతే చెప్పాలి. ఆ నాలుగు రోజుల అమ్మోనియం లెక్క లేకపోతే తొలకరి బిందువులు గ్రాఫ్‌లో అర్థంకాని చుక్కలుగా మిగిలిపోతాయి.

1989లో స్టూడ్లర్ బృందం అమెరికాలో హార్వర్డ్ ఫారెస్ట్‌లో నైట్రోజన్ ఎరువు వేసిన మట్టి మీథేన్ పీల్చడం తగ్గించేసిందని చూపించింది. మన మిరప చేలల్లో యూరియా ఎంత పడుతుందో రైతులకి తెలుసు. అడవి పక్కన ఎప్పుడో దున్ని వదిలేసిన చేను ఉంటే దాన్ని కూడా కొలవండి, సేద్యం ఆపేసినా ఈ శక్తి మట్టికి తిరిగి రావడానికి దశాబ్దాలు పట్టొచ్చు.

అడుగు 8: సీసాలో విడదీసి చూడటం

అడవిలో తేమ, వేడి, అమ్మోనియం కలిసే మారతాయి. విడదీయాలంటే ల్యాబ్‌కి రావాలి. 4 మిల్లీమీటర్ల జల్లెడ పట్టిన మట్టి 50 గ్రాములు అరలీటరు గాజు సీసాలో, తేమ ఐదు స్థాయిల్లో, ఒక్కో స్థాయికి మూడు సీసాలు. మొదట మామూలు గాలితోనే మూసి 0, 6, 24, 48 గంటలకి కొలవండి. శాంపిల్‌గా తీసే గాలి తగ్గిన మేరకి ఒత్తిడి సరిచేయడం మర్చిపోవద్దు.

అమ్మోనియం ప్రభావం చూడాలంటే అమ్మోనియం క్లోరైడ్ కొన్నింటిలో, అదే మోతాదు పొటాషియం క్లోరైడ్ మరికొన్నింటిలో కలపండి. ఉప్పు ఒక్కటే కూడా ఈ బ్యాక్టీరియాని అణచగలదు, రెండో గుంపు లేకపోతే దేని వల్ల తగ్గిందో తెలియదు. కొద్దిగా అసిటలీన్ ఎక్కించిన సీసాలో తినడం ఆగిపోవాలి, ఆగితే అది నిజంగా జీవుల పనే అని రుజువు. వెల్డింగ్ సిలిండర్ అసిటలీన్‌లో అసిటోన్ లాంటివి కలిసి ఉంటాయి, శుద్ధమైనది ల్యాబ్ నుంచే తెచ్చుకోండి, నిప్పుకి దూరంగా వాడండి.

డీఎన్ఏ దాకా వెళ్లాలనుకుంటే కొంత మట్టిని ఐస్‌బాక్స్‌లో తెచ్చి మైనస్ 20లో పెట్టి, పీఎంవోఏ జన్యువుని (మీథేన్ మోనోఆక్సిజనేజ్ ఎంజైములో భాగాన్ని తయారుచేసేది) చూడండి. ఆ జన్యువుని వెతికి పట్టే చిన్న డీఎన్ఏ ముక్కలే ప్రైమర్లు, వాటిలో కొన్ని జతలు అడవి మట్టి రకాలని వదిలేస్తాయి, ఆర్డర్ పెట్టేముందు యూఎస్‌సీ గుంపుల్ని పట్టే జత ఏదో సీక్వెన్సింగ్ చేసేవాళ్లని అడిగి రాయించుకోండి. ఆ జన్యువు ఉన్నంత మాత్రాన పని జరుగుతోందని కాదు, కాబట్టి ఇది చాంబర్ కొలతకి తోడు మాత్రమే.

అడుగు 9: గ్రాఫ్

అడ్డంగా సందుల్లో నీళ్ల శాతం, నిలువుగా గంటకి తిన్న మైక్రోగ్రాములు. తొలకరి వారం బిందువులకి వేరే రంగు, తుపాను వానల తర్వాత వాటికి ఇంకో రంగు. సగటు గీసి ఊరుకోకుండా ప్రతి కాలర్‌నీ విడిగా చూపించండి. మట్టి మీథేన్ వదిలిన రోజులు ఉంటే వాటిని తీసేయొద్దు, ఆ రోజు తేమ, దగ్గర్లో చెదల జాడ, అమ్మోనియం మూడూ పక్కన రాయండి. నెలల వారీ సగటులు మాత్రమే ఇచ్చి తేమ గ్రాఫ్ ఇవ్వని రిపోర్టుతో వేరే అడవివాళ్లు పోల్చుకోలేరు, కాబట్టి మూల కొలతల పట్టిక మొత్తం చివర్లో జత చేయండి.

చివరి శాంప్లింగ్ అయ్యాక కాలర్లన్నీ లెక్కపెట్టి పీకి తెచ్చేయండి, రింగు తీసిన గుంటలు పూడ్చండి, రిపోర్టు కాపీ ఒకటి అనుమతిచ్చిన అటవీశాఖ ఆఫీసులో ఇవ్వండి. వచ్చే ఏడాది జూనియర్లు అదే వాలులో అవే చోట్ల కొలవాలంటే కాలర్ చోట్ల జీపీఎస్ అంకెలు కూడా దానికి పిన్ చేసి ఉంచండి.